అంకె చోట మాట

గుడివాడలో లాప్‌టాప్ ముందు తనూజ. కృత్తివెన్నులో రొయ్యల చెరువు గట్టున, ఫోను చెవికి ఆనించుకుని ఆమె మేనమామ నాగేంద్రబాబు. తెల్లవారినప్పటి నుంచీ ముసురు.

“నువ్వు ఫోనులో పంపిన లెక్కకి మళ్లీ తప్పని ఎర్రగీత వచ్చింది మావయ్యా. మూడో చెరువు దగ్గర ఏం కొట్టావు?”

“నువ్వు చెప్పిందే కొట్టా. ముందు చెరువు, పక్కన దాని సంగతి.”

“సంగతి కాదు, అంకె. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో ఆ అంకె. ఎన్నిసార్లు చెప్పాలి?”

“ఇంకోసారి చెప్పు, పోయేదేముంది.”

“ప్రోగ్రాం మొదట్లోనే రాసిపెట్టా. ఇది జతల వరుస. ప్రతి జతలో మొదటిది పేరు, రెండోది అంకె. ఒక్క జతలో తేడా వచ్చినా వరుస మొత్తం తీసుకోదు.”

“అబ్బో, అంత పట్టింపా? మీ అత్తకీ నాకూ జత కలిపినప్పుడు ఎవరూ ఇంత చూళ్లేదే.”

“నాకు నవ్వు రావట్లేదు. వరుస తీసుకుంటేనే నీళ్లు చిలికే ఏరేటర్లు తిరిగేది. అంకె మూడు కంటే తగ్గితే ప్రోగ్రామే వాటిని వేస్తుంది. వారంలో పట్టాల్సిన రొయ్య మావయ్యా అది.”

“చేత్తో వేసే స్విచ్చి ఉండేది. నువ్వే పీకించావు.”

“వెయ్యడం మర్చిపోయి పడుకుంటున్నావనే పీకించా. సరే, మూడో చెరువుకి ఏం కొట్టావో చదువు.”

“‘రొయ్య తేలింది’ అని.”

“పోయిన వారం అదే చోట ‘అత్త అలిగింది’ అని కొట్టావు. నీ వేళాకోళానికి నా ప్రాణం పోతోంది. మీటరు చూసి అంకె చెప్పు.”

“ఐదు అని కొడితే తీసుకుంటుందా?”

“తీసుకుంటుంది.”

“ఐదున్నర?”

“అంకైతే చాలు, ఏదైనా తీసుకుంటుంది. మీటర్లో ఎంతుంది?”

“అదే... ఆదివారం నుంచీ అలాగే కొడుతున్నాలే.”

“అలాగే అంటే?”

“మీటరు చెరువులో జారిపోయిందమ్మా. నువ్వు తిడతావని...”

“నాలుగు రోజులు నోటికొచ్చిన అంకెలు వేశావా?”

“ఒక్కరోజు కూడా ఎర్రగీత రాలేదు కదా అని ఊరుకున్నా.”

“మరి ఇవాళ ఆ మాటెందుకు కొట్టావు?”

“ఇవాళ నిజంగానే తేలాయి తనూజా. గాలి అందక గట్టు పొడుగునా మూతులు పైకెత్తి ఉన్నాయి.”

“రెండు అని కొట్టు.”

“మీటరు లేదంటున్నాగా.”

“తెలుసు. ఏరేటర్లు తిరగాలి, కొట్టు మావయ్యా.”