రెండో డిస్కు

పత్తి కొనుగోలు కేంద్రంలో సర్వర్ గది, పగలు పదకొండు గంటలు. గొళ్లెం పెట్టిన తలుపు వెనుక ఇద్దరే: కంప్యూటర్లు చూసే నిఖత్, గడ్డపారతో లోపలికి దూరిన మొగిలమ్మ.

“ఆపమ్మా! ఆపు! ఇంకొక్క దెబ్బ పడితే అంత పోతది!”

“పోవాల్ననే వచ్చిన. పక్కకు జరుగు బిడ్డా.”

“జరగ. నా చెయ్యి చూడు, నెత్తురు కారుతాంది. చాలదా?”

“నిన్ను కొట్టాల్నని కొట్టలే. నువ్వే అడ్డమొచ్చినవ్. మిషన్ పలిగింది గద, ఇంకెందుకు మొత్తుకుంటానవ్?”

“పలిగింది ఒక్క డిస్కే. సర్వర్ నడుస్తనే ఉంది.”

“నడుస్తాందా? గంత బలంగ గుద్దితే?”

“యూనిక్స్ సర్వరమ్మా ఇది. రెండు డిస్కులు పెట్టినం. ఒకదాంట్ల రాసింది అప్పటికప్పుడే రెండోదాంట్ల గూడ పడుతది. మిర్రర్ అంటరు. ఒకటి సచ్చినా రెండోది పని చేస్తది.”

“ఆ రెండోదేది?”

“చెప్ప.”

“చెప్పు బిడ్డా. నా చేతుల గడ్డపార ఉంది.”

“అయితే నన్ను గుద్ది పో! బయట మూడు వందల మంది రైతులు పత్తి అమ్ముకునే టోకెన్లు ఈ మిషన్లనే ఉన్నయి. నాలుగు దినాల సంది ట్రాక్టర్ల కిందనే పండుకుంటాండ్రు.”

“నిన్న ఆ టోకెన్లు ఆగినందుకే గద, కొట్లాటైంది?”

“ఔ. డిస్కుల జాగ నిండింది, టోకెన్ రాలే. తప్పు మాదే. అందుకే పొద్దుగాల సంది జాగ పెంచుతాన్న. మిషన్ ఆపితే కాంటా ఆగుతది, మల్ల తన్నుకుంటరు. నడుస్తాంటనే పెంచాలె. పెద్ద డిస్కు కొత్తది పెట్టిన. రెండోదాంట్లకెల్లి దానికి నకలు ఎక్కుతాంది. ఇంక నాలుగైదు నిమిషాలే.”

“జాగ దేంతోని నిండింది?”

“వీడియోలతోని. లైన్ మీద నాలుగు కెమెరాలున్నయి.”

“అవ్వి తీసేస్తే… జాగైతది గద?”

“అయితది.”

“తీసెయ్యరాదు మరి?”

“నిన్నటి కొట్లాట అండ్లనే ఉందమ్మా. ఎట్ల తీస్త?”

“తీసెయ్యి బిడ్డా. నీ కాళ్లు మొక్కుత.”

“అయ్యో, లే, లే! అమ్మా… తల పలిగి దవాఖానల పడ్డడు గద ఒక పిల్లగాడు. నువ్వు వాని తల్లివా?”

“ఆ పిల్లగాడు పొద్దుగాల సచ్చిపోయిండు.”

“యా అల్లా! నీ కొడుకా?”

“నాకొక్కడే కొడుకు బిడ్డా. ఇరవై రెండేండ్లు.”

“మాఫ్ చెయ్యమ్మా, నాకు తెల్వ… తలొంచు! తలొంచు!”

“కిటికీ పలిగింది! ఎవలురా రాళ్లేసేది? లోపల ఆడోళ్లం ఉన్నం! అయ్యో, నీ నొసట తాకింది. ఇటు రా, కొంగుతోని అదిమి పడుత.”

“నువ్వు గోడకు జరుగు. మల్ల వేస్తరు. బయట రైతులు, వాళ్ల పిల్లలు నలుగురిని పోలీసులు పట్టుకపోయిండ్రని మండుతాండ్రు.”

“ఏ నలుగురు?”

“నీ కొడుకు ఎనుక లైన్ల నిలబడ్డోళ్లు. కర్ర లేపింది ఎవలో ఎవ్వలకు తెల్వది. నలుగురి మీద హత్య కేసు పెడుతరట.”

“ఆ నలుగురు ఏం చెయ్యలే.”

“నీకెట్ల తెలుసు?”

“నేను… నేను ఆడనే ఉన్న.”

“మరి వీడియో ఉంటేనే వాళ్లు బయటికి వస్తరు. సంపినోడు దొరుకుతడు. అసొంటిదాన్ని నువ్వే పగులగొడుతవా?”

“బిడ్డా.”

“ఏందమ్మా?”

“నకలు ఎంతైంది?”

“తొంభై రెండు శాతం.”

“ఈ గడ్డపార తీసుకో. నా చేతుల ఉండనియ్యకు. జల్ది తీసుకో.”

“ఇటియ్యి. కూసో. తొంభై ఆరు… తొంభై తొమ్మిది… అయింది! జాగ పెరిగింది. టోకెన్లు వస్తానయ్! వింటానవా, బయట పేర్లు పిలుస్తాండ్రు.”

“రాళ్లు ఆగినయ్.”

“ఆగినయ్. తలుపు కొడుతాండ్రు, ఎస్సై కావచ్చు. వీడియో చూస్తమన్నరు. నా పక్కనే కూసోమ్మా. గుండె గట్టి చేసుకో. నీ కొడుకును కొట్టినోడు కనవడితే గుర్తుపడుతవా?”

“గుర్తుపట్టకేం బిడ్డా. కర్ర పట్టుకున్నోడే నా కొడుకు.”