పక్క సీటు ముందున్న కుట్టు

నా పేరు, నాన్న పేరు, ఇంటి నంబరు పైన రాసుకున్నారు. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్ళు ఎవరూ లేరు, బజారులో అందరికీ నేను సూది మేస్త్రిని. వయసు యాభై ఎనిమిది. వృత్తి కార్ల సీట్లకు తోలు కుట్టడం. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకటే పని, ఒకటే కొట్టు. నన్ను ఎవరూ పిలిపించలేదు, నేనే స్టేషనుకి వచ్చాను. మొన్న బుధవారం జరిగిన ప్రమాదంలో మా వియ్యపురాలు చనిపోయారు. బండి నడిపింది నా కూతురు. ఆమె నిర్లక్ష్యం వల్లే ప్రాణం పోయిందని కేసు రాశారు. ఎండ కళ్ళలో పడి ముందున్న ట్యాంకరు కనపడలేదని నా కూతురు మీ దగ్గర చెప్పిందట. అది నిజం కాదు. ఆ పూట ఎండే లేదు, మబ్బు పట్టి ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పి ఆ కేసు నా కూతురి మీద నుంచి తీయించడానికి వచ్చాను.

మా వియ్యంకుడు భూములు కొలిచే సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. వియ్యపురాలికి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. వాళ్ళ చిన్న కారులో ఎక్కడం, దిగడం ఆమెకు పెద్ద యాతన. అందుకని పెద్ద బండి, సెకండ్ హ్యాండ్‌లో మంచి సెడాన్ కొనాలనుకున్నారు. ఒకే కంపెనీ, ఒకే మోడలు. అందులో పాత తరం బండి ఒకటి, కొత్త తరం బండి ఒకటి, రెండూ ఒకే యార్డులో అమ్మకానికి ఉన్నాయి. పాతది పన్నెండేళ్ళది, కొత్తది ఆరేళ్ళది. మా వియ్యంకుడు ఆ రెండింటి గురించి నెల రోజులు చదివారు. మంగళవారం సాయంత్రం ఫోన్ చేసి, "బావగారూ, ఇంజిను సంగతి నేను చూసుకుంటా. లోపలి తోలు సంగతి మీరు చూడాలి, రేపు మీరు రావాల్సిందే" అన్నారు. "మా పిల్లనిచ్చేటప్పుడు మీ అబ్బాయిని కూడా మేం ఇంతలా చూసుకోలేదు బావగారూ" అన్నాను. ఆయన నవ్వి ఫోన్ పెట్టేశారు.

బుధవారం ఉదయం 10:10కి యార్డుకి చేరాం. నేను, వియ్యంకుడు, వియ్యపురాలు, నా కూతురు. అల్లుడు డ్యూటీలో ఉన్నాడు. వియ్యంకుడికి కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయన స్టీరింగ్ పట్టడం లేదు. ఇంట్లో బండి నడిపేది నా కూతురే. పదకొండేళ్ళుగా నడుపుతోంది, ఇంతవరకు ఎవరికీ గీత కూడా పెట్టలేదు. ఈ మాట రాసుకోండి.

వియ్యంకుడు టేపు తెచ్చారు, నోటుపుస్తకం తెచ్చారు. పేజీ మధ్యలో గీత గీసి ఒకవైపు పాతది, ఇంకోవైపు కొత్తది అని రాసుకున్నారు. నేల నుంచి సీటు ఎత్తు పాతదానిలో యాభై నాలుగు సెంటీమీటర్లు, కొత్తదానిలో యాభై. తలుపు ఎంత తెరుచుకుంటుందో కూడా కొలిచారు. పాతదాని తలుపు వేస్తే ఇనప బీరువా వేసినట్టు నిండుగా పడుతుంది. లోపల అన్నీ చేతికి దొరికే బటన్లు. డ్రైవరు సీటు అంచున తోలు పగిలింది గానీ లోపల ఫోమ్ గట్టిగానే ఉంది. కొత్తదానిలో రెండు తెరలు, సీటులోంచి చల్లగాలి. అడుగున చక్రాలు తిరుగుతున్న చప్పుడు కూడా వినపడదు. ఫోన్ ఒకసారి కలిపితే చాలు, తర్వాత దానంతటదే కలుస్తుంది. ఎవరు ఫోన్ చేసినా కారంతా వినపడుతుంది. నా కూతురు తన ఫోన్ కలిపి చూసింది. వియ్యంకుడు దాన్ని కొత్తదాని వైపు రాసుకున్నారు. మీటరులో లైట్లన్నీ వెలిగి ఆరాయి, అది కూడా రాసుకున్నారు.

మా వియ్యపురాలికి పాతదే నచ్చింది. రెండుసార్లు ఎక్కి, రెండుసార్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగారు. "నాకిది చాలండీ. కుర్చీలో కూర్చున్నట్టుంది. ఆ కొత్తది గోతిలోకి దిగినట్టుంది" అన్నారు. అక్కడితో అయిపోవాల్సింది. అందరి మనసూ కొత్తదాని వైపు తిప్పింది నేను. కొత్తదాని డ్యాష్‌బోర్డు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా తేనె రంగు తోలు వేసి ఉంది. అంచు పొడవునా జంట కుట్టు. చెయ్యి వేసి చూశాను. ఎక్కడా దారం వదల్లేదు, ఎక్కడా ముడత లేదు. "ఎవడు కుట్టాడో గానీ చెయ్యి తిరిగిన మనిషి. కళ్ళకద్దుకోవచ్చు. కనపడని మూలల్లోనే ఇంత శ్రద్ధ పెట్టారంటే బండిని ఎంత బాగా చూసుకుని ఉంటారు" అన్నాను. నలుగురి ముందు అన్నాను. యార్డు మేనేజరు, "ఒరిజినల్ సార్, కంపెనీ నుంచి వచ్చిందే" అన్నాడు. వియ్యపురాలు, "అన్నయ్యగారూ, ఇంతకీ మేం కొనేది బండా, చెప్పుల జతా?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వియ్యంకుడు కొత్తదాని వైపు 'కుట్టు చాలా బాగుంది' అని రాశారు. ఆ నోటుపుస్తకం ఆయన దగ్గరే ఉంది, మీరు చూడొచ్చు.

10:50కి కొత్త బండిలో ఒక చుట్టు తిరిగాం. నా కూతురు నడిపింది, వియ్యంకుడు పక్కన, నేను వెనక. 11:10కి తిరిగొచ్చాం. తర్వాత పాతది తిప్పి చూశాం. అంతసేపూ వియ్యపురాలు ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చున్నారు. 11:30 దాటాక నా కూతురు, "కూర్చోవాల్సింది అత్తయ్య. ఆవిడని ఎక్కించి తిప్పకుండా మనం తేల్చేస్తే ఎలా? కొత్తదానిలో ఒక చుట్టు తిప్పి తీసుకొస్తా మామయ్యా" అంది. మేనేజరు ఆమె లైసెన్సు తీసుకుని సొరుగులో పెట్టుకున్నాడు. మేమిద్దరం అక్కడే ఉంటాం కాబట్టి తన మనిషిని ఎవర్నీ పంపలేదు.

సీటు బెల్టు సంగతి అడిగారు. వియ్యపురాలు బెల్టు పెట్టుకోలేదని మేనేజరు చెప్పినట్టు విన్నాను. అబద్ధం. కొక్కెం ఎక్కడుందో ఆమెకు దొరకలేదు. నేనే లోపలికి వంగి పెట్టాను. టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కాను. "బిగుసుకుందా అమ్మా?" అని అడిగాను. "చాలు అన్నయ్యగారూ, ఊపిరాడాలిగా" అన్నారు. 11:34కి వాళ్ళు గేటు దాటారు.

వియ్యంకుడు పాతదాని డిక్కీ కొలుస్తున్నారు. నాకేమీ తోచక పాతదానిలోనే పక్క సీటులో కూర్చున్నాను. అలవాటు కొద్దీ డ్యాష్‌బోర్డు మీద బొటనవేలు పోనిచ్చాను. అక్కడ సన్నటి గీత తగిలింది, తలుపు రెక్కలా నాలుగు పలకలుగా. అది ఎయిర్ బ్యాగ్ ఉండే చోటు. బండి దేన్నైనా గుద్దితే ఆ గీత వెంబడి చిరిగి బ్యాగ్ బయటికి రావాలి. మనిషి ముఖం వెళ్ళి దాని మీద పడాలి. చిరగాలి కాబట్టి అక్కడ గట్టి కుట్టు వేయకూడదు. మా పనిలో మొదట నేర్పేది అదే.

అప్పుడు కొత్తదానిలో ఆ గీత ఎక్కడుందని ఆలోచించాను. లేదు. పొద్దున నా చెయ్యి ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్ళింది, ఎక్కడా ఆగలేదు. నున్నగా ఒకటే తోలు. మూల దగ్గర మాత్రం చిన్న గడ్డలా తగిలింది. కుట్టు పూర్తయ్యాక మూడు కుట్లు వెనక్కి వేసి, ముడిని లోపలికి లాగి, పైన వేలితో అదిమితే అలా తగులుతుంది. అలా నేను తప్ప ఎవరూ చేయరు. నాకు పని నేర్పిన మనిషి కూడా చేసేవాడు కాదు, సోకు అని తిట్టేవాడు.  

రెండేళ్ళ కింద, వానల్లో, ఒక కమీషన్ మనిషి మూడు డ్యాష్‌బోర్డులు ఊడదీసి ట్రాలీలో వేసుకుని నా కొట్టుకి తెచ్చాడు. పేరు తెలియదు, ఎడమ చెవి దగ్గర మచ్చ ఉంటుంది, చూస్తే గుర్తుపడతాను. ఒకదానికి పక్క సీటు ముందు పెద్ద చిల్లు. అందులో స్పాంజి అట్ట కూరి గమ్ము పెట్టి అంటించారు. "ఇక్కడ ఎయిర్ బ్యాగ్ ఉండాలి కదయ్యా" అన్నాను. "అది తర్వాత బిగిస్తారు మేస్త్రీ, ముందు నువ్వు పైన తోలు వెయ్యి" అన్నాడు. తర్వాత బిగించేదైతే పైన అతుకు లేకుండా తోలు వేయించరు. ఆ సంగతి నాకు తెలుసు. తెలియదని చెప్పను. వేశాను. అది ఏ బండిదో అడగలేదు. అతను మామూలు కుట్టు చాలన్నాడు. ఒంటి కుట్టు బోసిగా ఉంటుందని జంట కుట్టు నేనే వేశాను.

బ్యాగ్ లేకపోతే మీటరులో ఆ లైటు ఆరకూడదు, అది ఎలా వెలిగి ఆరిందో నాకు తెలియదు. దాని సంగతి కరెంటు పనివాళ్ళని అడగండి. తోలు సంగతి నన్ను అడగండి.

11:46కి నా కూతురికి ఫోన్ చేశాను. ఎత్తింది. బండి ఆపమని చెప్పాను. ఆ మాటల్లోనే గుద్దుకుంది. నా ఫోన్‌లో 11:46, ముప్పై ఎనిమిది సెకన్లు అని ఉంది. స్టేషను రైటరు గారు చూసి రాసుకున్నారు. చప్పుడు తర్వాత కూడా ఫోన్ కట్ కాలేదు. పక్క లైటు టిక్కు టిక్కుమని కొట్టుకోవడం వినపడింది. నా కూతురి గొంతు వినపడలేదు. టిక్కు టిక్కు మాత్రం వినపడింది. డిక్కీ దగ్గర నుంచి వియ్యంకుడు, "బావగారూ, ఇందులో స్టెప్నీ కొత్తదే" అన్నారు. 

దారిన పోయేవాళ్ళెవరో నా కూతురి ఫోన్ నుంచి చేసి చోటు చెప్పారు. మేనేజరు బండిలోనే 11:58కి అక్కడికి వెళ్ళాం. పెట్రోలు బంకు ముందు ఆగి ఉన్న నీళ్ళ ట్యాంకరు. స్టీరింగ్ లోంచి బ్యాగ్ తెరుచుకుని తెల్లగా వేలాడుతోంది. నా కూతురు బతికింది దానివల్లే. పక్క సీటు ముందు ఏమీ తెరుచుకోలేదు. తోలు అలాగే ఉంది. రక్తం అంటింది గానీ ఎక్కడా చిరగలేదు. ఒక్క కుట్టు కూడా తెగలేదు. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఆమెను దించడానికి చెయ్యి వేయమని ఎవరో నన్ను రెండుసార్లు పిలవాల్సి వచ్చింది. ఆసుపత్రిలో 2:20కి పోయారు.

చిన్న దెబ్బకి పక్క సీటు బ్యాగ్ తెరుచుకోదని మేనేజరు అంటున్నాడట. ఆ తోలు కోసి చూడండి. కింద స్పాంజి అట్ట ఉంటుంది. దాని మీద ఎడమ నుంచి కుడికి నా పెన్సిలు గీత ఉంటుంది. కోయడానికి ఎవరూ దొరక్కపోతే నేనే వచ్చి కోస్తాను.

నా కూతురు ఫోన్ సంగతి ఎందుకు దాచిందని అడిగారు. నిన్న ఆమె గదిలోకి వెళ్ళి తలుపు వేసి, కుట్టు సంగతి మొత్తం చెప్పాను. అంతా విని, "నువ్వు ఫోన్ చెయ్యలేదు నాన్నా. నేను ఎత్తలేదు. ఎవరడిగినా అంతే. నువ్వు లోపలికి వెళ్తే అమ్మ తట్టుకోలేదు" అంది. ఆమె భర్త మూడు రోజులుగా ఆమెతో మాట్లాడటం లేదు. అత్తగారి ఫోటో ఉన్న గదిలోకి ఆమెను రానివ్వడం లేదు. చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టినా పరుగెత్తుకొచ్చి చెప్పే పిల్ల అది. ఆ తర్వాత మీరు అడిగినప్పుడు నా కోసం పోలీసుల ముందు అబద్ధం చెప్పింది. మా వియ్యంకుడికి ఇంకా ఏమీ తెలియదు. ఇక్కడి నుంచి ఆయన దగ్గరికే వెళ్తాను, మీరు వెళ్ళనిస్తే.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. ఒకచోట తప్పు ఉంది. రాసినవారిది కాదు, చెప్పిన నాది. 'బండి ఆపమని చెప్పాను' అని ఉంది. అది కొట్టేయమన్నాను. కొట్టేసిన చోట నా పొట్టి సంతకం పెట్టాను. ఆపమని చెప్పడానికే ఫోన్ చేశాను గానీ ఆ మాట అనలేదు. నేను అన్న మాటలు ఇవి: "అమ్మా, అత్తయ్య ముందున్న కుట్టు చూడు. ఆ చివర మూల చూడు. అది నాదే, నేను కుట్టిందే." నా కూతురు "ఏది నాన్నా?" అని అటు తిరిగిందట, నిన్న తనే చెప్పింది. కారంతా వినపడుతుంది కాబట్టి మా వియ్యపురాలు కూడా విన్నారు. "ఏదీ, ఇదేనా అన్నయ్యగారూ?" అంటూ చూడటానికి ముందుకు వంగారట. గొంతులో నవ్వు ఉంది. నేను "ఆ, అదే" అన్నాను. తర్వాత చప్పుడు.

ఇదే జరిగింది. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. దిద్దిన తర్వాత మళ్ళీ చదివించుకుని, సరిగ్గా ఉందని ఒప్పుకుని కింద సంతకం పెడుతున్నాను.

(సంతకం)
శనివారం, మధ్యాహ్నం 3:05