ఆ గదిలో పెట్టిన పేరు

నా పేరు జెల్మన్ ఫైర్‌స్టైన్, తండ్రి పేరు బెర్కో. వయసు డెబ్భై ఒకటి. యూదుణ్ణి. చెర్నొవ్‌ట్సి నగరంలో అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరయ్యాను. దేవుణ్ణి నమ్మను. ఇది ముందే రాసుకోండి. 1961 జూన్ 19న మిలీషియా స్టేషన్‌లో లెఫ్టినెంట్ ప్రిఖోద్‌కో అడగ్గా చెబుతున్నాను. నా మీద ఫిర్యాదు చేసిన నా వియ్యంకుడు అరోన్ గ్లుజ్‌మన్ ఎదుటి కుర్చీలో టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు, బట్టల ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగి.

జూన్ 4, ఆదివారం నాడు నా కూతురు రైసాకు కొడుకు పుట్టాడు. రైసా బడిలో లెక్కల టీచరు. శుక్రవారం బిడ్డను ఇంటికి తెచ్చారు. ఆ సాయంత్రం రైసా, అల్లుడు యెఫీమ్, అరోన్, నేను సున్తీ సంగతి మాట్లాడుకున్నాం. మాలో అది ఎనిమిదో రోజున జరగాలి. ఇంట్లో అలాంటి మతకర్మ జరిగిందని తెలిస్తే టీచరుకైనా, పార్టీ సభ్యుడికైనా ఉద్యోగం ఉండదని మీకూ తెలుసు.

మొదట వద్దన్నవాణ్ణి నేనే. నలభై ఒకటిలో రుమేనియన్ సైనికులు యూదులను ఏరి కాల్చడానికి మా మగవాళ్లను ప్రుత్ నది ఒడ్డున నిలబెట్టారు. నా తమ్ముడు శ్రూల్‌ది పసుపుపచ్చ జుట్టు. రుమేనియన్ భాష ఆ సైనికుల కన్నా బాగా మాట్లాడేవాడు. వదిలేసేవాళ్లే. ప్యాంటు విప్పమన్నారు. విప్పాడు. అందుకని, ఈ పిల్లవాడికి ఆ గుర్తు వద్దన్నాను.

అరోన్ బల్ల చరిచాడు. "అదీ మాట, బావగారూ! ఊరి స్నానశాలకు పోతే వీడు పదిమందిలో ఒకడిలా కనబడాలి. మనమెవరమో ఎవడికీ తెలియకుండా బతకడమే తెలివి. మీ తమ్ముడికి ఆ తెలివి లేకపోయె."

నా తమ్ముడికి తెలివి లేదన్నాడు. కాల్చినవాళ్లది కాదట, తప్పు శ్రూల్‌దట. అప్పుడే నిర్ణయించుకున్నాను. "చేయిస్తాను" అన్నాను.

రైసా వద్దంది. యెఫీమ్ వద్దన్నాడు. రైసా వద్దంది. ఇది స్పష్టంగా రాసుకోండి. ఆదివారం పొద్దున వాళ్లిద్దరూ సినిమాకు వెళ్లారు. వాళ్లు లేనప్పుడు నేను చేయించాను.

లెఫ్టినెంట్ అడిగారు: "ఎనిమిది రోజుల పసికందును వదిలేసి తల్లి సినిమాకు పోతుందా, తాతా?"

"సినిమా చాలా బాగుందట" అన్నాను.

కత్తి పట్టినవారి పేరు చెప్పను. ముసలివాణ్ణి, కళ్లు ఆనవు. మంగళవారం బిడ్డను చూడవచ్చిన నర్సుకు గుడ్డలు మారుస్తుంటే కనబడింది. అది తెలిసిన రెండో రోజున అరోన్ ఇక్కడికి పరుగెత్తుకొచ్చాడు.

ఇంతవరకు చెప్పేసరికి అరోన్ కుర్చీలోంచి లేచాడు. "అంతా అబద్ధం, కామ్రేడ్ లెఫ్టినెంట్! రైసాకు తెలియకుండానా? పిల్లవాణ్ణి పడుకోబెట్టిన దిండుకు తెల్ల గలీబు ఇస్త్రీ చేసి పెట్టి మరీ వెళ్లింది. రేపు ఆ శ్రూల్‌గాడికి చీము పడితే పూచీ ఎవరిది?"

"శ్రూల్ ఎవరు? పిల్లవాడు సెర్గేయ్ కదా?" అన్నారు లెఫ్టినెంట్.

అరోన్ కూర్చున్నాడు.

అప్పుడు నేను చెప్పాను. మాలో సున్తీ అయ్యేదాకా బిడ్డ పేరు పైకి అనరు. అక్కడే, ఆ గదిలోనే మొదటిసారి పలుకుతారు. శ్రూల్ అనే పేరు నేను ఎంచాను. ఆ గదిలో ఒక్కసారి పలికారు. బయట ఎవరికీ చెప్పలేదు, రైసాకు కూడా. ఇంట్లో అందరూ సెర్గేయ్‌ను ముద్దుగా సెర్యోజా అనే పిలుస్తున్నారు. పసివాణ్ణి ఒళ్లో పట్టుకుని కూర్చోవడం మాలో పెద్ద గౌరవం. ఆ గౌరవం కోసం ఆదివారం పొద్దున్నే ఒకాయన కొత్త సూటు తొడుక్కుని వచ్చి నాతో పోట్లాడాడు. పిల్లవాడు ఆ ప్యాంటు తడిపాడు కూడా.

"ఎవరాయన?" అన్నారు లెఫ్టినెంట్.

"రైసా పేరు ఈ కేసులో ఉంటే చెబుతాను. లేకపోతే గుర్తులేదు."

"బావగారూ, నా ఉద్యోగం పోతుందండీ" అన్నాడు అరోన్, గొంతు తగ్గించి.

"నా కూతురి ఉద్యోగం మాటేమిటి?"

ఆయన టోపీ బల్ల మీద పెట్టి లెఫ్టినెంట్ వైపు తిరిగాడు. "దిండు విషయంలో పొరబడ్డాను, కామ్రేడ్ లెఫ్టినెంట్. రైసాకు ఏమీ తెలియదు" అన్నాడు. అది ఆయన మాటల్లోనే రాసుకోండి, కింద ఆయన సంతకం తీసుకోండి.

ఆ కొత్త సూటు ఆయన ఎవరో నాకిప్పుడు గుర్తులేదు. పిల్లవాణ్ణి ఒళ్లో పట్టుకున్నది నేనేనని రాసుకోండి. కోసింది కూడా నేనేనని రాసుకున్నా సంతకం పెడతాను. నిర్ణయం నాది. ఇంకో మనవడు పుట్టినా ఇదే చేస్తాను.

పై వాంగ్మూలం నేనే చదువుకున్నాను. నన్నెవరూ బెదిరించలేదు, బెదిరించినా ఇదే చెప్పేవాణ్ణి. రెండు అక్షరదోషాలు దిద్దాను. పిల్లవాడి పేరు సెర్గేయ్ అని ఉన్నచోట దిద్దలేదు. అది మీ కాగితాల కోసం.

(సంతకం)
జెల్మన్ ఫైర్‌స్టైన్, శ్రూల్‌కు అన్న, శ్రూల్‌కు తాత