సర్వరుకు తలుపు వేసినవాడు

అధ్యక్ష స్థానంలో ఉన్న డిపో మేనేజరు గారికి, ఇవాళ రిటైరవుతూ ఆయన పక్కన ఎప్పుడు లేచి వెళ్ళిపోదామా అన్నట్టు కూర్చున్న మా సర్వరు మేడం గారికి, ముందు వరసలోని పెద్దలకు, కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ డ్రైవరన్నలకు, కండక్టరక్కలకు నమస్కారం. నన్ను రెండు మంచి మాటలు చెప్పి కూర్చోమన్నారు. చెబుతాను. కూర్చోవడం సంగతి తర్వాత చూద్దాం. (నవ్వులు)

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, కింద విచారణ కౌంటర్లో ఫోనెత్తేవాణ్ణి నేనే. మన బస్సుల వేళలు ఇంటర్నెట్లో చూపించే పేజీ పడిపోయిందంటే ఊళ్ళో సగం మంది ఆ కౌంటరుకే ఫోను చేస్తారు. పేజీ నడిచేది పై అంతస్తులో సర్వరు అనే కంప్యూటరు మీద, తిట్లు పడేది కింద. ఒకరోజు ఒకాయన మా ఇంటిల్లిపాదినీ తిట్టి ఊరుకున్నాక, ఫోను పక్కన పడేసి, మెట్లెక్కి, సర్వరు గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, మీ పేజీ పడిపోతే నాకెందుకండీ తిట్లు అని అడిగాను. మేడం తల కూడా తిప్పలేదు. "అంత బాధగా ఉంటే నువ్వు నిలబెట్టు" అన్నారు.

అలా మొదలైంది. గురుశిష్యుల బంధం అని ఇందాక వేదిక మీద ఎవరో సెలవిచ్చారు. అదేం కాదు, పోట్లాట. నేర్పను అని ఆమె నా ముఖం మీదే చెప్పారు. మూలన పడున్న పాత కంప్యూటరొకటి నా ముందుకు తోసి, "ఇందులో సర్వరు పెట్టి నీ పేరుతో ఒక పేజీ చూపించు, అప్పుడు మాట్లాడదాం" అన్నారు. నేను ఏ క్లాసుకూ వెళ్ళినవాణ్ణి కాదు. సర్వరు ప్రోగ్రాము ఎక్కించడం, అది ఏ ఫోల్డరులోంచి పేజీ తీసివ్వాలో కన్ఫిగరేషన్ ఫైల్లో రాయడం, ఒక్క సెమికోలన్ మర్చిపోతే అది లేవనని మొరాయించడం, అన్నీ కిందా మీదా పడి చూసుకున్నాను. చివరికి పేజీ తెరుచుకుంది. పెద్ద అక్షరాల్లో నా పేరు. డిపో అంతా తిరిగి చాటాను. క్యాంటీన్ బాబాయ్ తన ఫోన్లో అడ్రసు కొట్టి, "ఏదిరా, ఇక్కడేం లేదే" అన్నాడు. (వెనక నుంచి బాబాయ్: "ఇప్పటికీ రాలేదు." నవ్వులు)

సంగతేమిటంటే, నా సర్వరు ఆ కంప్యూటరు లోపలి నుంచి పిలిస్తేనే పలుకుతోంది. బయటి నుంచి ఎవరు పిలిచినా దానికి వినబడదు. లోకానికంతా చూపించానని నేను ఎగురుతున్న పేజీ, ఆ డబ్బా ముందు కూర్చున్న నాకొక్కడికే కనబడుతోంది. మేడంను అడిగితే, "ఎవరి మాట వినమని రాశావో చూసుకో" అని ఊరుకున్నారు. ఆ ఒక్క వరస వెతకడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. నేను కీబోర్డు దగ్గర ఉన్నంతసేపూ ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడేవారు. ఒక్క వేలు ముందుకొస్తే ఆ పని క్షణంలో పూర్తయ్యేది. రాలేదు. అప్పుడు ఒళ్ళు మండేది. ఇప్పుడూ మండుతోంది, దాచడమెందుకు.

తర్వాత అసలు సర్వరు మీద చెయ్యి వేయనిచ్చారు. అక్కడ నేను చేసిన ఘనకార్యం కూడా చెబుతాను, నాకేం సిగ్గు లేదు. సర్వరుకు బోలెడు తలుపులుంటాయి. ప్రయాణికులు పేజీ చూడడానికి వచ్చే తలుపు ఒకటి, మేము దూరం నుంచి లోపలికి వెళ్ళి పనిచేసుకునేది ఇంకొకటి. అక్కర్లేనివన్నీ మూసెయ్యమన్నారు. నేను కింద నా బల్ల దగ్గర కూర్చుని, ప్రయాణికుల తలుపు ఒక్కటి వదిలి, తక్కినవన్నీ మూసేశాను. నేను వెళ్ళిన తలుపుతో సహా. (నవ్వులు) నవ్వండి, పర్లేదు. తెర మీద ఏం కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. పైకి పరుగెత్తి, గదిలో మేడం చూస్తుండగానే, ఆ యంత్రానికే కీబోర్డు తగిలించి, నా తలుపు నేనే తీసుకున్నాను. ఈలోగా ఒక్క ప్రయాణికుడికి కూడా పేజీ ఆగలేదు.

ఇక అసలు విషయం. మేనేజరు గారూ, మీరు వాచీ చూసుకుంటున్నారు, ఎక్కువసేపు తీసుకోను. ఇవాళ పొద్దున మీరు నన్ను పిలిచి, "మేడం స్థానంలో నిన్ను వేద్దామనుకున్నాం గానీ, రేపట్నుంచి బయటి కంపెనీ చూసుకుంటుంది, నువ్వు కౌంటర్లోనే ఉండు" అన్నారు. ఎందుకండీ అంటే, "ఆ తలుపు సంగతి నాకు తెలుసులే" అన్నారు. ఆ సంగతి ఆ రోజు గదిలో ఉన్న ఇద్దరికే తెలుసు. నేనైతే చెప్పలేదు.

(మేడం వైపు తిరిగి)

మేడం, మీరు చెప్పారా?

(మేడం, కుర్చీలోంచే: "చెప్పాను. నువ్వు సిద్ధంగా ఉన్నావా అని అడిగారు, లేడన్నాను. ఎందుకని అడిగితే, ఆ తలుపు సంగతి చెప్పాను. అబద్ధం చెప్పమంటావా?")

వద్దు. నేను సిద్ధంగా లేను, నిజమే. మరి మీరు ఆ కుర్చీలో కూర్చున్న రోజు సిద్ధంగా ఉన్నారా?

("ఎక్కడ సిద్ధం? మీట నొక్కితే సర్వరు ఆగుతుందో, మీటే ఊడి చేతికొస్తుందో కూడా తెలియదు నాకు.")

ఆ ముక్క మేనేజరు గారికి చెప్పారా?

("ఆయన అడగలేదు." నవ్వులు)

విన్నారు కదండీ. బయటి కంపెనీవాళ్ళకు నాకంటే పని బాగా వచ్చు, కాదనను. కానీ పేజీ పడిపోయిన రోజు ఫోను మోగేది వాళ్ళ బల్ల మీద కాదు. ఎక్కడో బస్టాపులో పిల్లనెత్తుకుని నిలబడ్డ మనిషికి "కంపెనీవాళ్ళకు చెప్పామండీ" అని నేను చెప్పాలి. నాకు చెయ్యి వేయడం తెలిసి కూడా చెప్పాలి. నేను చెప్పను. అందుకే రేపు పొద్దున పైకే వెళ్తాను. కంపెనీవాళ్ళు వస్తే రానివ్వండి, పక్కన కుర్చీ వేసుకుంటాను, వాళ్ళకు తెలిసింది కూడా లాక్కుంటాను. నా చేత మళ్ళీ తప్పులు జరుగుతాయి, ముందే చెబుతున్నాను. తప్పు చేశాడన్న కారణంతో మాత్రం నన్ను కిందికి దింపలేరు.

(మేనేజరు గారు: "సరే, రేపు మాట్లాడదాం, కూర్చో.")

మాట్లాడదామండీ. నేనెక్కడుంటానో చెప్పాను, అక్కడికే రండి.

మేడం, మీ మీద కోపం పోలేదు. మీరు నా గురించి నిజమే చెప్పారు, సగమే చెప్పారు. తక్కిన సగం ఇవాళ ఇంతమంది ముందు చెప్పినందుకు మీకు కృతజ్ఞతలు. ఓపిగ్గా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. మీ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను. ఆ గది దగ్గర మాత్రం తీసుకోవడం లేదు.