ఎనిమిదో వంతు దొరసాని

అబ్బా, నిదానంగా పుయ్యవ్వా! మెడంతా నల్లగా కారిపోతాంది. పదారేండ్ల పిల్ల జుట్టుకు నెలనెలా నల్లరంగు పూసే అవ్వ ఈ సోమందేపల్లెలో ఇంకెవురన్నా ఉండారా? చూపించు ఒకర్ని!

అడిగితే ఫ్లోరైడు అంటావు. జుట్టు ఎర్రగా ఉండాది ఎందుకవ్వా అంటే బోరునీళ్ళ ఫ్లోరైడు. కండ్లు పిల్లికండ్ల మాదిరి ఉండాయి ఎందుకవ్వా అంటే అదే ఫ్లోరైడు. ఫ్లోరైడుకు పండ్లు గారపడతాయి, మోకాళ్ళు వంకరపోతాయి. కండ్లకేమి పని దాంతో? పక్కింటి చంద్రిక కూడా అవే నీళ్ళు తాగుతాది గదా. మనకన్నా రెండు బిందెలు ఎక్కువే పట్టుకుంటాది!

నేను నమ్మినా చూడు, అదీ నా తెలివి. మావి ఫ్లోరైడు కండ్లు మేడం అని సైన్సు మేడంకు గూడా చెప్పినా. ఆయమ్మ నవ్వి నవ్వి కుర్చీలోంచి కింద పడలేదు, అంతే.

ఇంక చాలవ్వా. నాకు తెలిసిపోయింది!

ఏందట్ల చూస్తావు? నిన్న నాయనా నేనూ గుంతకల్లుకు పెండ్లికి పోయినాం గదా. నువ్వు రాలే. గుంతకల్లు పేరెత్తితేనే నీకు మోకాళ్ళు నొస్తాయి. ఆడ బంతిలో నా పక్కన ఒక ముసలాయన కూర్చున్యాడు, నాగప్ప అంట. తొంబై దాటినాయి. బొగ్గింజన్ల కాలంలో ఫైర్‌మన్‌గా చేసినాడంట. నా మొగం చూసినాడు, చేతిలో ముద్ద ఆకులో పడిపోయింది. "ఏం పాపా, విల్సన్ దొర కండ్లు నీకెట్లొచ్చినాయి?" అన్యాడు.

విల్సన్ దొర! ఇంజన్ డ్రైవరు! నీ నాయన! అసలైన తెల్లదొర అవ్వా! మీ అమ్మ చౌడమ్మ ఆయప్ప బంగళాలో వంట చేస్తాండెనంట, ఆన్నే ఇద్దరూ కాపురం పెట్టినారంట.

బస్సులో వస్తా లెక్కేసుకున్యా. నువ్వు సగం, నాయన పావు, నేను ఎనిమిదో వంతు. ఆ ఎనిమిదో వంతు యాడుండాదో! కండ్లు సరే. ముక్కు మాత్రం అచ్చం మా అమ్మదే. చెవులు లండన్‌వేమో, ఎవురికి తెలుసు? పొద్దున సందులో మేక అడ్డమొస్తే "ఎక్స్‌క్యూజ్ మీ" అన్యా. ఒట్టు, అది పక్కకు జరిగింది!

నవ్వవేందవ్వా? బ్రష్షు గూడా ఆపేసినావు.

తెలుసులే. ఇస్కూల్లో నన్ను పిల్లికండ్లదానా అంటేనే ఏడిచినా. నిన్ను ఇంకా ఘోరంగా అన్యారంట గదా, దొర ఇడిసిపోయిన పిల్ల అని. అందుకే ఈ రంగు. నీ ఈడు వాళ్ళందరికీ తల నెరిసిపోయిందవ్వా. నీదీ నెరిసిపోయింది. తెల్లజుట్టులో దొరను ఎవురు కనిపెడతారు? అయినా నువ్వూ పూసుకుంటానే ఉండావు.

ఇంగోటి ఉండాది. అది చెప్పేకి భయమైతాంది. ఇంతసేపూ నేను గంతులేసింది అందుకే.

నీ నాయన మిమ్మల్ని ఇడిసిపెట్టి పోలేదవ్వా. స్వతంత్రమొచ్చి దొరలంతా పోతాంటే, బొంబాయిలో లండన్ ఓడకు మీ ముగ్గురికీ టికెట్లు తీసినాడంట. బయలుదేరే పొద్దు చౌడమ్మ నిన్ను చంకనేసుకోని వజ్రకరూరుకు పారిపోయింది. వాన పడితే ఆడ చేన్లలో వజ్రాలు తేల్తాయి గదా, అప్పుడే వాన పడి, ఏరుకునేవాళ్ళతో చేన్లన్నీ జనమే. ఆ జనంలో నేలకు వంగి కూర్చుంటే ఎవురికి కనపడతాది? ఆ దేశంలో తనను పెండ్లామని కాకుండా పనిమనిషి అంటారని భయపడిందంట. తర్వాత ఆయమ్మే నాగప్ప తాతకు చెప్పి, ఎవురికీ చెప్పొద్దని ఒట్టేయించుకునింది.

ఆయప్ప గుంతకల్లంతా ఎతికినాడంట. రైలు కూతేసినా ఎక్కలేదంట. ఆ బండికి బొగ్గేసింది నాగప్ప తాతే, వెనక్కి తిరిగి చూస్తానే ఉన్యాడు. బండి కదిలినాక పరిగెత్తి ఎక్కినాడంట దొర.

అవ్వా... ఏడవాకవ్వా. నవ్వించాల అని మొదలుపెట్టినా, చూడు, ఏం చేసినానో.

మీ అమ్మ మీద కోపమొస్తాందా? రానీ. ఇంత వయసొచ్చేదాకా నీ నాయన్ను తప్పుగా అనుకున్యావు, కోపం రాకుండా ఎట్లుంటాది? ఆ పొద్దు ఆయమ్మ రైలెక్కింటే నువ్వు లండన్‌లో దొరసానివి. ఈ ఊరు లేదు, ఈ కరువు లేదు, ఎవురి మాటలూ పడేది లేదు.

నేనూ లేను గదవ్వా. నువ్వు తిట్టుకో, ఎంతైనా తిట్టుకో. నాకు మాత్రం ఆయమ్మను తిట్టేకి నోరు రాదు.