సగం పట్టీ

"ఆ మేజోడు విప్పు అత్తా."

"విప్పను."

"వాసన గుమ్మం దగ్గరికే కొడుతోంది. గుడ్డ చుట్టి దాచేస్తే నాకు తెలీదనుకున్నావా?"

"ముందు ఆ కవరు చించు మేవిస్. తర్వాత కాలూ చూద్దువు, చెయ్యీ చూద్దువు."

న్యూఫౌండ్లాండ్ తీరంలో, పీతల ఫ్యాక్టరీ ఉన్న ఓ చిన్న ఊళ్ళో, ఫిలోమీనా వంటింట్లో పొద్దున్నే సాగుతున్న గొడవ ఇది. ఊరి వరసకి ఆవిడని అత్తా అని పిలిచే మేవిస్, గాయాలకు కట్లు కట్టే నర్సు. షుగర్ పుళ్ళు మాన్పే కొత్తరకం జెల్ పట్టీని పరీక్షించే ట్రయల్ కోసం పదహారు వారాలు ఈ ఇంటికి తిరిగిన మనిషి. ఫిలోమీనా కుడికాలి పుండు ఆ ట్రయల్లోనే మానింది. ఇప్పుడు ఎడమకాలికి లేస్తే ఆవిడ ముట్టుకోనివ్వడం లేదు. ఒట్టి మొండిఘటం.

"కవర్లో ఏముంటుంది? సగం మందికి అసలు పట్టీ, సగం మందికి ఉత్తుత్తి పట్టీ ఇచ్చారు. ఎవరికి ఏది వచ్చిందో ఇన్నాళ్ళూ నాక్కూడా తెలీదు. నీకు వచ్చింది ఏదో అందులో రాసుంటుంది, అంతే."

"నాక్కావలసింది అదే."

"కాలు నల్లబడుతోందత్తా. ఇంకో పది రోజులు ఇలాగే ఉంచితే మోకాలి దాకా తీసేస్తారు. సరదాకి చెప్పడం లేదు."

"తీసెయ్యనీ. బెర్నీకి తియ్యలేదూ?"

"అబ్బా, మీ చెల్లెలి సంగతి వేరు. ఆవిడ కొండమీద ఇంట్లో తలుపేసుకు కూర్చుంది, కాలు కుళ్ళేదాకా ఏ డాక్టరుకీ చూపించుకోలేదు."

"నేనే వద్దన్నాను."

"ఏంటీ?"

"టీ తాగు, చల్లారిపోతోంది."

"టీ తర్వాత. ఏమన్నావిప్పుడు?"

"దాన్ని ట్రయల్లో చేర్చుకోలేదుగా. కిడ్నీలు బాగోలేవన్నారు. ముప్పై ఏళ్ళు ఇద్దరం పక్కపక్కన నిలబడి, అదే తడి నేలమీద పీతలు వలిచాం. పుళ్ళు కూడా ఒకే ఏడాది లేచాయి. నాకు మందుండటమేమిటి, దానికి లేకపోవడమేమిటి? అందుకని..."

"అందుకని?"

"కత్తిరించాను."

"ఏం కత్తిరించావు?"

"పట్టీలు. వారం మధ్యలో మార్చుకోమని నువ్విచ్చిన పట్టీలు. సగం నాకు, సగం దానికి."

"అయ్యో అత్తా!"

"పీత పెంకుల్లోంచి తీసిన జిగురు, అందులో కంటికి కనపడనంత సన్నటి వెండి నలుసులు అని నువ్వే చెప్పావుగా. మేం బతుకంతా సముద్రంలో పారబోసిన పెంకులే అవి! ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఇంత మందుండగా డాక్టరెందుకే అంది బెర్నీ. ఎందుకులే, వద్దన్నాను."

"తర్వాత?"

"నాది మానింది. దానిది మానలేదు. కాలు తీసిన పదకొండో రోజున పోయింది. ఇప్పుడు వస్తోంది."

"ఎవరూ?"

"ఇంకెవరు? నేను కాస్త కునుకు తీస్తే చాలు, మంచం చివర కూర్చుంటుంది. తీసేసిన కాలు ఒళ్ళో పెట్టుకుని. మాట్లాడదు. దానికి అంటించిన సగం ముక్క చూపిస్తుంది, నా కాలి వంక చూస్తుంది. మిగతా సగం ఏదీ అన్నట్టు."

"భయమేస్తుందా?"

"సిగ్గేస్తుంది. మొత్తం ఇచ్చేసుంటే బతికేది కదే! దాని వాటా నేను తినేశాను. మళ్ళీ ఇంకో మందు ఏ మొహం పెట్టుకుని వేయించుకోను?"

"పదహారు వారాలు వచ్చాను. ఒక్కమాట నాతో అనకూడదూ?"

"అంటే నన్ను ట్రయల్లోంచి తీసేసేవాళ్ళుగా."

"సరే, చించుతున్నాను."

"చదువు."

"ఆగాగు... అత్తా! దేవుడున్నాడత్తా!"

"ఏంటే, ఏముంది?"

"నీకొచ్చింది ఉత్తుత్తి పట్టీ! పీతా లేదు, వెండీ లేదు. విన్నావా? నువ్వెవరి వాటానూ తినలేదు. సగమిచ్చినా ఒకటే, మొత్తమిచ్చినా ఒకటే. ఇంక ఏడుపు మాని కాలు చాపు."

"ఉత్త జిగురా?"

"ఉత్త జిగురే."

"మరి నాదెలా మానింది?"

"ఎలా ఏముంది? శుభ్రంగా కడిగాను, చచ్చిన చర్మం గీకి తీసేశాను, చీము పట్టకుండా చూశాను, బరువు పడకుండా ఆ ఎత్తు బూటు తొడిగించాను. వారం తప్పకుండా చేస్తే చాలా పుళ్ళు దానికే మానతాయి."

"ట్రయల్లో లేనివాళ్ళక్కూడా చేసేదానివా?"

"ఇదేం ప్రశ్న? ఎవరు కాలు చాపినా చేస్తాను. నర్సునత్తా నేను."

"ఎవరు చాపినా..."

"అవును, ఎవరు చాపినా. ఏంటలా అయిపోయావు? అత్తా? అటేం చూస్తున్నావ్, ఆ సామాన్ల గదిలో ఏముంది?"

"పట్టీ కోసం వచ్చి బెర్నీ అందులోనే కూర్చునేది మేవిస్. నువ్వొచ్చిన ప్రతిసారీ. బయటపడతామని, దగ్గు వినపడకుండా దాని నోట్లో తువ్వాలు కుక్కింది నేనే."