తల్లి మంచం పక్కన

చెక్క సామాను చేసే షెడ్డు. గోడవారగా పసిపిల్లల మంచాలు, నేలంతా చిత్రిక పొట్టు. అక్కాచెల్లెళ్లిద్దరూ వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే మాటలు; పాపం, మేస్త్రికి నోరు తెరిచే సందు దొరికితే ఒట్టు. అక్కకి నలభై దగ్గర పడుతున్నాయి. చెల్లెలికి తొమ్మిదో నెల.

"అది వద్దక్కా. చెప్తే వినవేం? చూడ్డానికి బాగుంటే సరా?"

"బాగుంటే తప్పేంటే? తల దగ్గర చూడు, పావురాలు ఎంత ముద్దుగా చెక్కారో."

"ఆ పావురాల ముక్కులు చూశావా? లేచి నిలబడ్డం మొదలెట్టిందంటే చొక్కా మెడ వాటికి తగులుకుంటుంది. ఇంక అంతే సంగతులు. ఏం మేస్త్రీ, తగులుకోదూ?"

"తగులుకుంటుందమ్మా. కొనేవాళ్లు ముచ్చటపడతారని చెక్కుతాం. మా మనవడికి మాత్రం సాదాదే చేశాను."

"విన్నావా?"

"విన్నాన్లే. ఇద్దరు పిల్లల తల్లివి. నీకు తెలిసినంత నాకెక్కడ తెలుస్తుంది."

"అదిగో, మొదలెట్టావా."

"ఏం మొదలెట్టాను? ఉన్నమాటేగా అన్నాను."

"ఉన్నమాట అయితే మూతి అలా ఎందుకు పెట్టావు? సరే, ఇటు రా. ఇది చూడు. చువ్వల మధ్య నా పిడికిలి పట్టట్లేదు, చూశావా? అదే పట్టిందనుకో, ముందు కాళ్లు జారతాయి, తర్వాత ఒళ్లు జారుతుంది, తల దగ్గరికొచ్చేసరికి ఇరుక్కుంటుంది."

"అబ్బా, ఆ మాటలు అనకే."

"అనకపోతే నీకెలా తెలుస్తుంది? చెప్పడానికి నేను పక్కన ఉండనుగా."

"ఊఁ. అయితే ఇటు పక్క తెరిచే ఉందేం? చువ్వలు వెయ్యడం మర్చిపోయారా?"

"మర్చిపోలేదమ్మా. ఇది పెద్దమంచానికి ఆనించుకునే రకం. పిల్ల కాస్త ఎదిగాక అటు పక్క కూడా చువ్వల చట్రం బిగించేస్తాను."

"ఇదే మంచిదక్కా. నువ్వు లేవక్కర్లేదు. పడుకునే చెయ్యి చాపి చూసుకోవచ్చు. ఊపిరి పీలుస్తోందా లేదా అని ఒకటికి పదిసార్లు చూస్తావు నువ్వు, నాకు తెలుసు."

"చూస్తాను. తప్పా?"

"తప్పని ఎవరన్నారు? నేనూ చూశాను."

"మరి గదో? గది తయారుచేసి పెట్టాంగా."

"గది ఎక్కడికి పోతుంది? మొదట్లో నీ పక్కనే ఉండాలి. పెద్దయ్యాక పడుకుంటుందిలే గదిలో."

"నువ్వు చూడలేదు కదూ? మీ బావ తనే నిచ్చెనెక్కి రంగు వేశాడు. సగం గోడకి, సగం నెత్తికి."

"నిచ్చెనెక్కితే బావకి కళ్లు తిరుగుతాయిగా?"

"తిరిగాయి. దిగి, కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ ఎక్కాడు. నేను వద్దంటే వింటేనా? ఒక్కడే గోడతో మాట్లాడుతున్నాడే. తలుపు వెనకనుంచి విన్నాను."

"ఏమని?"

"'చూడమ్మా, ఇది నాన్న వేసిన రంగు' అని."

"మంచివాడక్కా బావ."

"మంచివాడు కాడని ఎవరన్నారు. పరుపు సంగతి చూడు, కబుర్లు తర్వాత."

"ఇది మరీ దూదిలా ఉంది మేస్త్రీ. గట్టిది చూపించండి."

"గట్టిదేంటే? పసి ఒళ్లు, నొప్పెట్టదూ?"

"నొప్పీ లేదు, పాడూ లేదు. మెత్తగా ఉంటే మొహం కూరుకుపోతుంది. దిండు వద్దు, చుట్టూ మెత్తలు కుక్కద్దు, బొమ్మలు పెట్టద్దు. మొహం మీద ఏదన్నా పడితే తీసుకునే తెలివి ఉండదు పసిదానికి. ఎప్పుడు పడుకోబెట్టినా వెల్లకిలా. ఒక్కసారి కూడా మర్చిపోవద్దు."

"దిండ్లు కుట్టించేశానే. బుజ్జి బుజ్జివి. గోడ రంగుకి సరిపోయేట్టు."

"దాచిపెట్టు. నడిచే వయసొచ్చాక వేద్దువుగాని. ఏదీ, ఈ పరుపు మీద చెయ్యి అదిమి తియ్యి. గుంట అలాగే ఉండిపోయిందంటే వద్దు. ఆఁ, చూశావా, వెంటనే పొంగింది. అంచుల్లో వేలు కూడా దూరట్లేదు. ఇదయితే హాయిగా ఉంటుంది చిట్టికి."

"ఎవరికి?"

"ఆఁ?"

"చిట్టి అన్నావు."

"అన్నానా? ఏదో నోటికొచ్చింది."

"పేరు పెట్టావటే?"

"ఛ, పేరేంటక్కా! పేరు నువ్వే పెట్టాలి, నీ ఇష్టం. లోపల్నుంచి ఒకటే తంతుంటే ఏదో ఒకటి అని తిట్టాలిగా. 'ఒసే చిట్టీ, కాస్త పడుకోనియ్యవే' అని. అంతే."

"ఎన్నాళ్లనుంచి?"

"ఏంటి ఎన్నాళ్లనుంచి?"

"పిలుస్తున్నావు."

"మేస్త్రీ, దీనికి చక్రాలు గానీ పెడతారా ఏంటి?"

"కావాలంటే పెడతానమ్మా."

"వద్దు వద్దు. అక్కా, మా పెద్దాడు ఏం చేశాడో తెలుసా? చెల్లెల్ని మంచంతో సహా వంటింట్లోకి తోసుకొచ్చాడు, బస్సట. 'దిగేవాళ్లు దిగండి, ఎక్కేవాళ్లు ఎక్కండి' అని ఒకటే అరుపులు. అదేమో చువ్వలు పట్టుకుని కిలకిలా నవ్వు."

"వాడు అంతకు తగ్గవాడే. ఇవాళ పిల్లల్ని తీసుకొస్తావనుకున్నాను."

"పక్కింట్లో వదిలాను."

"చిన్నది నిన్నొదిలి ఉంటుందా?"

"ఉంటుంది. ఎందుకుండదు? ఏడ్చింది కాసేపు."

"పిల్లలకి చెప్పావా?"

"ఏం చెప్పాలి?"

"అదే. సంగతి."

"చెప్పాను. పెద్దమ్మకి పాప పుడుతుందని చెప్పాను. మరి నీ పొట్టలో ఎందుకుంది అన్నాడు పెద్దాడు."

"అమ్మో! ఏం చెప్పావే?"

"పెద్దమ్మకి ఒంట్లో బాగోలేదు, అందుకని నేను దాచిపెడుతున్నానన్నాను. వాడు తలూపి, 'అయితే మర్చిపోకుండా ఇచ్చెయ్యమ్మా' అని ఆడుకోడానికి పోయాడు."

"బంగారు తండ్రి. వాడి నోట్లో చక్కెర పొయ్యా. మరి చిన్నదో?"

"చిన్నదానికేం తెలుస్తుంది."

"ఏమంది?"

"ఏమీ అన్లేదు. మేస్త్రీ, ఈ రంగు నోట్లోకి పోయినా ఫరవాలేదా? పళ్లొచ్చేటప్పుడు ఈ పైకమ్మీ అంతా కొరికేస్తారు."

"దానికి రంగే వెయ్యనమ్మా. నున్నగా తోమి వదిలేస్తాను. కొరుక్కోనివ్వండి."

"ఏమే."

"ఊఁ?"

"ఆ పరుపు మీద అలా తడుతున్నావేంటి?"

"తడుతున్నానా?"

"అప్పట్నుంచీ తడుతున్నావు. అందులో ఎవరూ లేరు."

"అలవాటక్కా. ఇద్దర్ని జోకొట్టీ జోకొట్టీ చెయ్యి దానంతటదే పోతుంది. నీకూ వచ్చేస్తుంది చూడు."

"వస్తుందంటావా?"

"రాకేం? బరువు వెయ్యకూడదు. మెల్లిగా, ఇదిగో ఇలా. ఏదీ, నీ చెయ్యి పెట్టు."

"సిగ్గుగా ఉందే. మేస్త్రి చూస్తున్నాడు."

"నేను అటు తిరిగాను లెండమ్మా."

"ఇలాగేనా?"

"అంతే. ఇంకొంచెం నెమ్మదిగా. ఆఁ, చూశావా, వచ్చేసింది. నాకేం బెంగలేదు ఇంక."

"పాల సంగతి ఏమన్నారు డాక్టరమ్మ?"

"పాపకి డబ్బా పాలు. నాకు మాత్రలిస్తారట, ఆగిపోవడానికి."

"నొప్పుంటుందా?"

"గడ్డకట్టి లాగుతాయట. తర్వాత సర్దుకుంటుంది. అన్నీ సర్దుకుంటాయి. ఆరు నెలలు మీ ఇంటివైపు రానని చెప్పాను కదా, రాను. ఫోను కూడా చెయ్యను."

"అది మీ బావ అన్నాడు. పాప మాకు అలవాటు పడాలని."

"బావ అన్నాడా?"

"ఆఁ."

"బావ అలా అనడే."

"సరే, నేనే అన్నాను. అయితే ఏం? నువ్వు ఒక్కసారి ఎత్తుకున్నావంటే ఇంక నా దగ్గరికి రాదని భయం. భయం ఉండకూడదా నాకు? నలుగురు కడుపులోనే పోయారే నాకు. ఆ నాలుగోది ఏడో నెల దాకా ఉండి పోయింది. గోళ్లు కూడా వచ్చాయి దానికి. చూశాను."

"తెలుసక్కా. పక్కనే ఉన్నాను."

"ఉన్నావు. నా చెయ్యి పట్టుకుని, ఏడవకక్కా, ఈసారి నాకు కడుపొస్తే ఆ బిడ్డ నీకే అన్నావు. నువ్వు ఓదార్చడానికన్నావు. నేను గట్టిగా పట్టేసుకున్నాను."

"ఓదార్చడానికి కాదు. నిజంగానే అన్నాను. నీకోసమే కంటున్నాను దీన్ని. లేకపోతే మాకు మూడోది దేనికి? మా ఆయన కూడా ఒక్కమాట కాదన్లేదు."

"చిన్నది ఏమంది?"

"మళ్లీ మొదటికొచ్చావా?"

"తప్పించుకోవాలనుకున్నప్పుడల్లా మేస్త్రిని పిలుస్తున్నావు. నాకు కళ్లు లేవనుకున్నావా? చిన్నది ఏమంది?"

"వదిలెయ్యక్కా."

"చెప్పవే."

"'తర్వాత నన్ను ఎవరికిస్తావు' అంది."

"ఆఁ?"

"పిల్లలన్నాక ఏదో ఒకటి అంటారు. నవ్వేశాను. నిన్నెవరికిస్తానే పిచ్చిమొద్దూ అన్నాను."

"నమ్మిందా?"

"నమ్మింది. పడుకునేటప్పుడు నా వేలు పట్టుకుంటోంది, అంతే. మెల్లిగా విడిపించుకున్నానంటే లేచి కూర్చుంటుంది. ఇవాళ పక్కింటి గుమ్మంలో దింపితే, 'అల్లరి చెయ్యనమ్మా, నన్ను ఇక్కడ ఇచ్చెయ్యకు' అని ఒకటే... కాసేపే ఏడ్చిందక్కా. నువ్వు అలా అయిపోకు. నాలుగు రోజులు పోతే మర్చిపోతుంది."

"నువ్వో?"

"నేనేంటి?"

"నువ్వు మర్చిపోతావా?"

"నా సంగతి ఎందుకిప్పుడు?"

"నా మొహంలోకి చూసి చెప్పు. నీకు ఇవ్వాలని ఉందా?"

"ఇస్తానన్నాను కదా."

"నేనడిగింది అది కాదు."

"ఇస్తానన్నానక్కా. మాటంటే మాటే."

"ఇవ్వాలని ఉందా అని అడుగుతుంటే..."

"ఇస్తానన్నాను! ఎన్నిసార్లు చెప్పించుకుంటావు? నన్నేడిపించకు. ఇవాళ ఏడవకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చాను."

"అమ్మా, నిలబడద్దు, ఈ బల్ల మీద కూర్చోండి. పొట్టు దులిపాను. మంచినీళ్లు తెమ్మంటారా?"

"ఏం వద్దు మేస్త్రీ. ఈ మంచం, ఈ గట్టి పరుపు, ఖాయం చేసుకోండి. మా అక్క అలాగే అడుగుతుంది, పట్టించుకోకండి. ఎప్పటికిస్తారు?"

"వచ్చే వారం ఇచ్చేస్తానమ్మా. ఒక్క సంగతి మాత్రం మీరు చెప్పాలి. తల్లి పరుపూ పిల్ల పరుపూ ఒకే ఎత్తులో కలిసిపోవాలి. తేడా వస్తే మధ్యలో సందు పడుతుంది, పిల్ల అందులోకి దొర్లుతుంది. కాబట్టి తల్లి మంచం నేలనుంచి ఎంత ఎత్తుందో చెప్పారంటే దాన్నిబట్టి కాళ్లు కోస్తాను. కోశాక ఇంక మార్చడానికుండదు."

"చెప్పక్కా. నీ మంచం కొలత చెప్పు."

"ఉండవే, ఆగు."

"అక్కా, ఆయన అడుగుతున్నాడు."

"నీ మంచం ఎంత ఎత్తుంటుందే?"

"నాదా? నాదెందుకు?"

"అడిగినదానికి చెప్పు."

"నాకేం తెలుసు, ఎప్పుడన్నా కొలిచానా? అక్కా, ఏంటిది? ఏమంటున్నావు నువ్వు?"

"వినపడింది కదా."

"వద్దక్కా. బావ గదికి రంగు వేశాడు."

"వేస్తే వేశాడు. తలుపేసుకుంటాం."

"బావకి ఏం చెప్తావు?"

"ఏం చెప్పినా ఏడుస్తాడు. నేనూ ఏడుస్తాను. మాకు కొత్తా?"

"నువ్వు కోపంలో అంటున్నావు. ఇప్పుడు నేను సరేనంటే రేపట్నుంచి నా మొహం చూడవు."

"చూడలేనేమో. నీ ఒళ్లో దాన్ని చూసి తట్టుకోలేనేమో. ఆ ఆరు నెలలూ అలాగే ఉండనీ. రావద్దు, ఫోను చెయ్యద్దు. తర్వాత నేనే వస్తాను."

"నాకు పాపం తగులుతుందక్కా. నీ చేతిలో పెడతానని చెప్పి..."

"ఏ పాపమూ తగల్దు. చిన్నదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పు, ఎవర్నీ ఎవరికీ ఇవ్వట్లేదని. ముందు పక్కింటికెళ్లి దాన్ని తెచ్చుకో."

"అక్కా..."

"ఏడవకు, నీ అక్కనే కదా. ముక్కు తుడుచుకో. ఏమయ్యా మేస్త్రీ, అలా చూస్తావేం? రేపు దీని ఇంటికెళ్లి, దీని మంచం కొలుచుకుని, దానికి సరిగ్గా కాళ్లు కొయ్యి."

"ఒకసారి ఇంటికెళ్లి ఆలోచించుకోండమ్మా. తొందరేం లేదు. కోశాక మళ్లీ అతకడం కుదరదు."

"అందుకే ఇక్కడే చెప్తున్నాను. ఇంటికెళ్లానంటే నా వల్ల కాదు."

"సరేనమ్మా. మరి డబ్బులు ఎవరి దగ్గర తీసుకోమంటారు?"

"నా దగ్గరే తీసుకో. పుట్టేదానికి పెద్దమ్మని, ఆమాత్రం పెట్టద్దూ?"